కప్పులొచ్చాయి, జట్లు పోయాయి

హైదరాబాద్ సుల్తాన్స్ ఎవరో గుర్తుందా? 2005లో మన దేశంలో ప్రీమియర్ హాకీ లీగ్ మొదలైనప్పుడు తొలి విజేత ఆ జట్టే. హైదరాబాద్ హీరోస్? 2008లో లాహోర్ బాద్‌షాస్‌ను ఓడించి ఇండియన్ క్రికెట్ లీగ్ ట్వంటీ20 టైటిల్ పట్టుకొచ్చిన జట్టు. ఆ మరుసటి ఏడాదే డెక్కన్ చార్జర్స్ జోహన్నెస్‌బర్గ్‌లో బెంగళూరును 6 పరుగుల తేడాతో ఓడించి ఐపీఎల్ గెలిచింది. 2013లో సైనా నెహ్వాల్ ఆడిన హైదరాబాద్ హాట్‌షాట్స్ ఇండియన్ బ్యాడ్మింటన్ లీగ్ గెలిచింది. 2018 జనవరిలో హైదరాబాద్ హంటర్స్ గచ్చిబౌలిలోనే ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ గెలిచింది. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది.

ఆరు జట్లు. ఆరూ దేశాన్ని గెలిచినవే. ఇవాళ ఈ ఊళ్లో వాటిలో ఒక్కటి కూడా లేదు.

అభిమానులు ఆటకు దూరమవుతున్నారన్న మాట వచ్చినప్పుడల్లా జట్టు ఓడిపోతోందనో, పిల్లలు ఫోన్లు వదలడం లేదనో, మ్యాచ్‌లు మరీ ఎక్కువైపోయాయనో చెబుతారు. అందులో కొంత నిజం ఉంది. కానీ హైదరాబాద్ కథ ఈ కారణాలకు లొంగదు. ఇక్కడ జట్లు గెలిచి గెలిచి కనుమరుగయ్యాయి. మూతపడిన రోజున వీధిలోకి వచ్చి గొడవ చేసినవాళ్లు లేరు. ఊరి పేరు పెట్టుకున్న ఆరు జట్లు పోతే ఊరు ఎందుకు ఉలిక్కిపడలేదు? ఈ ప్రశ్నకు జవాబు ఉప్పల్‌లోనో గచ్చిబౌలిలోనో దొరకదు. మూసీ దాటి పాతబస్తీలోకి రావాలి. ఈ నగరానికి మొదటి అభిమానుల్ని ఇచ్చింది ఈ గల్లీలే, మొదట దూరమైందీ ఈ గల్లీలే.

పోలీసు జట్టు రోజులు

1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్ ఫైనల్. ఒకవైపు కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్. మరోవైపు హైదరాబాద్ సిటీ పోలీస్. గెలిచింది పోలీసులు. అదే ఏడాది బొంబాయిలో రోవర్స్ కప్ కూడా వాళ్లదే. అప్పటి నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్‌ను మరో జట్టు ముట్టుకోలేకపోయింది. రాష్ట్ర జట్ల సంతోష్ ట్రోఫీలోనూ 1956, 1957 సంవత్సరాల్లో హైదరాబాదే విజేత. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో మరోసారి.

వీటన్నింటి వెనకా ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీమ్. వృత్తిరీత్యా బడిపంతులు, అందరూ ఆయన్ని రహీమ్ సాబ్ అనేవారు. 1943 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సిటీ పోలీస్‌కు కోచ్, 1950 నుంచి భారత జట్టుకూ కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన హయాంలోవే. మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో నూర్ మహ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్... ఒక్క నగరం దాదాపు సగం జట్టును పంపింది. ఆ జట్టు ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డ మీద 4-2తో ఓడించింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ తినేస్తున్న శరీరంతోనే ఆయన 1962లో జకార్తా వెళ్లి, దక్షిణ కొరియాపై 2-1 గెలుపుతో బంగారం తెచ్చారు. ఏడాది తిరక్కుండానే పోయారు.

రహీమ్ గొప్పదనం పతకాల్లో మాత్రమే ఉందనుకుంటే పొరపాటే. ఆయన నడిపిన పద్ధతి చూడాలి. కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించి టోర్నమెంట్లు పెట్టేవారు, పాస్ ఇవ్వడం నేర్పడానికి. బలహీనమైన కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు, రెండు కాళ్లూ పనిచేయడానికి. ఇవి స్టేడియాల్లో జరిగే ఆటలు కావు, పాఠశాల మైదానాల్లో, మొహల్లా మైదానాల్లో జరిగేవి. అక్కడ రాణించినవాడు సిటీ లీగ్‌కు, అక్కణ్ణించి పోలీస్ జట్టుకు, అక్కణ్ణించి దేశానికి. పోలీస్‌లో చేరితే నెల జీతం, యూనిఫాం, పింఛను. తండ్రికి కొడుకు ఫుట్‌బాల్ ఆడితే భయం లేదు, అది పెళ్లి సంబంధం కుదిర్చేంత ఉద్యోగం.

అభిమాని ఎక్కడ పుడతాడో ఇక్కడే తెలుస్తుంది. పొద్దున గల్లీలో ఎదురుపడి సలాం చెప్పేవాడు సాయంత్రం ఫతే మైదాన్‌లో వింగ్ మీద పరిగెడుతున్నాడు. వాడి ఆట చూడటానికి వెళ్లేవాళ్లంతా వాడి మేనమామలు, ఇరుగుపొరుగు, వాడికి బూట్లు అప్పిచ్చిన స్నేహితులు. పైగా ఫతే మైదాన్ (ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం) చార్మినార్ నుంచి అయిదు కిలోమీటర్ల లోపే. మదీనా సర్కిల్ దాటి, నయాపూల్ మీదుగా సైకిల్ తొక్కితే ఆట మొదలయ్యేలోపు చేరొచ్చు, నడిచినా చేరొచ్చు. ఆ దూరానికి ఎంత విలువ ఉందో ఆ తర్వాత తెలిసొచ్చింది.

ప్రొఫెషనల్ అన్నవాళ్లు ఎక్కడికి పోయారు

రహీమ్ పోయాక హైదరాబాద్ ఆటగాళ్లకు కలకత్తా దారి చూపింది. మహ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. నయీముద్దీన్ నాయకత్వంలో 1970 ఆసియా క్రీడల్లో దేశానికి కాంస్యం వచ్చింది. ఆ తర్వాత హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వెళ్లారు. 1977 సెప్టెంబరులో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే 2-2తో నిలువరించిన మోహన్ బగాన్‌లో హబీబ్ ఉన్నాడు, గోల్ కూడా కొట్టాడు. ఉద్యోగాలు వచ్చినా కాదని ఆట మీదే బతికిన హబీబ్‌ను భారత ఫుట్‌బాల్‌లో మొదటి నిజమైన ప్రొఫెషనల్ అంటారు. 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. కలకత్తా 'బడే మియా' కోసం కన్నీరు పెట్టింది. మన దగ్గర చాలామంది పాతికేళ్ల కుర్రాళ్లకు ఆ రోజే ఆయన ఈ ఊరివాడని తెలిసింది. ఆ మరుసటి ఏడాది 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ రహీమ్‌గా కనిపించినప్పుడూ అంతే. సొంత ఊరి చరిత్రను హిందీ సినిమా చూసి నేర్చుకోవాల్సి రావడం నాకైతే బాధగానే ఉంది.

ఆటగాళ్లు వెళ్లడం ఒకటైతే, వాళ్లను పెంచిన చోట్లు ఎండిపోవడం ఇంకొకటి. పోలీసు, రైల్వే, బ్యాంకులు, ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలు క్రీడా కోటాలో ఉద్యోగాలిచ్చినంత కాలం సిటీ లీగ్‌కు అర్థముంది. ఫ్యాక్టరీలు మూతపడుతూ, కోటాలు చిక్కిపోతూ వచ్చాక లీగ్ కేవలం ఆటగా మిగిలింది. రహీమ్ పేరుతో లీగ్ ఉంది, కానీ అందులో మెరిసిన కుర్రాడికి ఆ పైన ఎక్కాల్సిన మెట్టు లేదు. లాల్ బహదూర్ స్టేడియం ఇప్పుడు ప్రమాణ స్వీకారాలకు, ఇఫ్తార్ విందులకు, సభలకు ఎక్కువ గుర్తొస్తుంది. 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది అక్కడే.

ఇరవై కిలోమీటర్ల దూరం

2005లో అంతర్జాతీయ క్రికెట్ ఉప్పల్‌కు తరలింది. ఫుట్‌బాల్ గచ్చిబౌలికి వెళ్లింది. అక్కడి బాలయోగి స్టేడియాన్ని 2002 జాతీయ క్రీడల కోసం కట్టారు. నిర్మాణంగా మంచి స్టేడియమే, ముప్పై వేల మంది పడతారు. కానీ చార్మినార్ నుంచి దాదాపు ఇరవై కిలోమీటర్లు. రాత్రి ఏడున్నరకు ఆట, తొమ్మిదిన్నరకు ముగింపు, ఆ వేళ ఐటీ కారిడార్ నుంచి చాంద్రాయణగుట్టకో ఫలక్‌నుమాకో తిరిగి రావాలి. పాతబస్తీ వైపు రావాల్సిన మెట్రో మార్గం 2020లో ఎంజీబీఎస్ దాకా వచ్చి మూసీ ఒడ్డున ఆగిపోయింది. పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. అయిదుగురు కుర్రాళ్లు రెండు బండ్ల మీద వెళ్లి రావడానికయ్యే పెట్రోలు, టికెట్లు, అక్కడ తినే సమోసా లెక్క వేసుకుంటే, అదే డబ్బుతో మొహల్లాలో ఓ టర్ఫ్ గంటసేపు మాట్లాడుకుని తామే ఆడుకోవచ్చు. వాళ్లు చేస్తున్నదీ అదే. దీన్ని ఆసక్తి తగ్గడం అనలేం. వాళ్లు లెక్క తెలిసినవాళ్లు.

ఆ గచ్చిబౌలికి 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మూతపడిన పుణె జట్టు స్థానంలో పెట్టిన కొత్త క్లబ్. మొదటి సీజన్‌లో ఆఖరి స్థానం. తర్వాత కోవిడ్. రెండు సీజన్లపాటు లీగ్ మొత్తం గోవాలో, చాలావరకు ఖాళీ స్టేడియాల్లో జరిగింది. ఆ రెండేళ్లలోనే స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ చేతుల్లో ఈ జట్టు దేశంలోకెల్లా చక్కని ఫుట్‌బాల్ ఆడింది. ఫైనల్‌కు ప్రేక్షకుల్ని అనుమతిస్తే ఫతోర్దా ప్రత్యర్థి కేరళ అభిమానుల పసుపుతో నిండింది. కేరళ ముందు గోల్ కొట్టింది, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలబడ్డాడు. 3-1తో కప్పు మనది.

మనది అన్నాను. ఆ రాత్రి కిక్కాఫ్‌కు దిగిన పదకొండు మందిలో హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాడు ఒక్కడూ లేడు. గోవాలో ఆడిన ఆ రెండేళ్లూ ఈ ఊళ్లో ఒక్క మ్యాచ్ లేదు. కోవిడ్‌ను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ తిరిగి వచ్చాక అయినా ఛాంపియన్ జట్టు ఎన్నిసార్లు మూసీ దాటింది? బార్కాస్ మైదానం ఉంది. హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలోకి వచ్చిన అరబ్బుల వారసులుండే ఆ బస్తీలో ఫుట్‌బాల్ పిచ్చి తరతరాలది. ఛాంపియన్లు అక్కడ వారానికోసారి సాధన చేసి ఉంటే గచ్చిబౌలి ఖాళీగా ఉండేది కాదని నేను నమ్ముతున్నాను. 'డెక్కన్ లీజియన్' అనే అభిమాన సంఘం కుర్రాళ్లు మాత్రం డప్పులు పట్టుకుని చివరిదాకా నిలబడ్డారు. వాళ్ల ఓపికకు ఈ ఊరు రుణపడి ఉంది.

2023-24 సీజన్ వచ్చేసరికి జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్లు మధ్యలోనే వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు. రెండేళ్ల కిందటి ఛాంపియన్ జట్టు అట్టడుగున తేలింది. 2024లో యాజమాన్యం మారింది. 2025లో కొత్త యజమానులు జట్టును ఢిల్లీకి తీసుకెళ్లి 'స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ' అని పేరు మార్చారు. ఆ ఏడాది లీగే అడకత్తెరలో పడింది. జాతీయ సమాఖ్యకూ లీగ్ నిర్వాహకులకూ మధ్య 2010లో కుదిరిన పదిహేనేళ్ల ఒప్పందం డిసెంబరులో ముగుస్తుంటే, జులైలోనే కొత్త సీజన్‌ను పక్కన పెట్టారు.

క్లబ్ ఊరొదిలిన రెండు నెలలకే, డిసెంబరు 13న లియోనెల్ మెస్సీ ఉప్పల్‌కు వచ్చాడు. టికెట్లు కొని వేలమంది వెళ్లారు. ఈ నగరంలో ఫుట్‌బాల్ మీద ప్రేమ చచ్చిపోయిందని ఆ రాత్రి చూసినవాళ్లెవరూ అనరు. పాతబస్తీలో ఏ ఇరానీ హోటల్‌లోనైనా కుర్రాళ్ల బల్ల దగ్గర కూర్చోండి. ఎవడి టీం ఏదంటే రియల్, బార్సా, లివర్‌పూల్ అని చెబుతారు. అర్ధరాత్రి దాటాక మొదలయ్యే ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ కోసం నిద్ర ఆపుకుంటారు. మన లీగ్ వైపు చూడరు. ఎటూ తమకు సంబంధం లేని జట్టును ప్రేమించాల్సి వస్తే, ఉన్నవాటిలో గొప్పదాన్నే ఎందుకు ఎంచుకోకూడదు? వాళ్ల వాదనలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

నిండిన ఉప్పల్

ఇక్కడ ఒకరు అడ్డుపడొచ్చు. ఐపీఎల్ సంగతేంటి, ఉప్పల్ నిండుతోంది కదా, టికెట్లకు కొట్టుకుంటున్నారు కదా అని. నిజమే. 2022 సెప్టెంబరులో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం జింఖానా మైదానంలో తొక్కిసలాటే జరిగింది. 2024లో ఇప్పటి హైదరాబాద్ ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ ఫైనల్ దాకా వెళ్లింది, పరుగుల వరద పారించింది. కానీ ధోనీ వచ్చిన రోజు ఉప్పల్‌ను చూశారా? సొంత మైదానంలో నారింజ రంగు పసుపులో మునిగిపోతుంది. కోహ్లీ వస్తే ఎరుపు. జనం స్టార్లను చూడటానికి వస్తున్నారు. ఆ స్టార్లు వచ్చే సాయంత్రానికి ఆతిథ్యమిచ్చే జట్టు సన్‌రైజర్స్.

2025 ఏప్రిల్ 6న అదే ఉప్పల్‌లో మహ్మద్ సిరాజ్ 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు. ఆటోడ్రైవర్ కొడుకు, ఫస్ట్ లాన్సర్ గల్లీల్లో టెన్నిస్ బంతితో మొదలుపెట్టినవాడు. మూసీకి ఇవతల పుట్టకపోయినా పాతబస్తీ కుర్రాళ్లు వాణ్ణి తమవాడిగానే చూసుకుంటారు. ఆ రాత్రి వాడు కూల్చింది సన్‌రైజర్స్‌ను. ఆడింది గుజరాత్ తరఫున. 2017లో ఒక సీజన్ ఇక్కడ ఆడాడు, తర్వాత ఏడేళ్లు బెంగళూరు, ఆపైన గుజరాత్. తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నాడు. 2016లో సన్‌రైజర్స్ కప్పు గెలిచిన ఫైనల్ జట్టులో హైదరాబాదీ ఒక్కడూ లేడు. అంతకుముందు చార్జర్స్‌లో కనీసం తిరుమలశెట్టి సుమన్, మన విశాఖ వేణుగోపాలరావు ఉండేవారు. ఇప్పుడు తెలుగు కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి బ్యాటు పట్టుకుని వస్తే స్టాండ్స్‌లో లేచే గోల వేరు. ఆ గోల వినండి, జనానికి ఏం కావాలో తెలుస్తుంది.

ఇదంతా వేలం పాట సంగతి, యజమానుల తప్పు కాదంటారు. ఎక్కువ పాడినవాడిదే ఆటగాడు. కానీ ఆ వేలం వెనకున్న డబ్బు లెక్క తెలిస్తే ఇంకో సంగతి అర్థమవుతుంది. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి. ఆ సొమ్ములో వాటా జట్లకు వస్తుంది. గ్యాలరీలో కూర్చునే మనిషి టికెట్ డబ్బు దాని ముందు చిన్నది. స్టేడియంలో ప్రేక్షకుడు టీవీలో కనబడాల్సిన దృశ్యంలో భాగమయ్యాడు. రోవర్స్ కప్ రోజుల్లో గేటు దగ్గర అణా బేడా ఇచ్చినవాడు రాకపోతే టోర్నమెంటు ఆగిపోయేది. ఇవాళ ఉప్పల్ గ్యాలరీలో నేను లేకపోయినా ఆట ఆగదని పాతబస్తీ కుర్రాడికి తెలుసు. అవసరం లేని చోట మనిషి ఎంతకాలం ఉంటాడు?

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. లండన్ శివారు వింబుల్డన్ జట్టు 1988లో ఎఫ్ఏ కప్ గెలిచింది. దాన్ని యజమానులు తొంభై కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి సంపాదించారు. అభిమానులు ఊరుకోలేదు. అదే ఏడాది ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకుని బాగా కింది స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టారు. 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌లోకి వచ్చారు, 2020లో తమ పేటకే కొత్త స్టేడియంతో తిరిగొచ్చారు. జర్మనీలో అయితే క్లబ్ ఓట్లలో సగానికంటే ఎక్కువ సభ్యుల చేతుల్లోనే ఉండాలని నిబంధన ఉంది, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. అక్కడ స్టేడియాలు నిండటానికి, నిలబడి చూసే టికెట్లు చవగ్గా దొరకడానికి ఆ నిబంధనకు సంబంధముంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ వెళుతుంటే ఇక్కడ ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం ఏ కాగితంలోనూ రాయలేదు కాబట్టి.

తెలంగాణ ప్రభుత్వం 2025లో కొత్త క్రీడా విధానం ప్రకటించింది. అకాడమీలు, విశ్వవిద్యాలయం, కార్పొరేట్ భాగస్వామ్యం లాంటి మంచి మాటలు చాలా వినిపిస్తున్నాయి. రేపో మాపో ఇంకో సంస్థ హైదరాబాద్ పేరుతో ఇంకో జట్టు తెస్తుంది. ఏ ఆటైనా కావొచ్చు. ప్రభుత్వ స్టేడియం, పోలీసు బందోబస్తు, విద్యుత్తు, పార్కింగు స్థలం ఇచ్చేది ప్రజలే కనుక ఒప్పందంలో కొన్ని గీతలు గీసే హక్కు ప్రజలకుంది. జట్టు ఊరు వదలాలంటే సభ్యుల ఓటు ఉండాలి. సాధనలో కొంత భాగం కులీ కుతుబ్ షా స్టేడియంలోనో, బార్కాస్‌లోనో, చంచల్‌గూడ కాలేజీ మైదానంలోనో జరగాలి. పాతబస్తీ మెట్రో పూర్తయ్యేదాకా మ్యాచ్ రాత్రి చాంద్రాయణగుట్ట దాకా ఆర్టీసీ బస్సులు నడపాలి. అన్నిటికంటే ముందు, రహీమ్ లీగ్‌లో ఆడుతున్న కుర్రాళ్లలో ఎంతమందికి మొదటి సీజన్‌లోనే జీతమిచ్చి తీసుకుంటారో సంతకం పెట్టే రోజే రాతపూర్వకంగా చెప్పాలి.